గేట్‌వే చెప్పిందీ, చెప్పనిదీ: పోర్ట్ సమాచార సేకరణ పద్ధతుల సమీక్ష

నెట్‌వర్క్‌లో ఏదైనా ఆగినప్పుడు ఇంజనీరు మొదట అడిగే ప్రశ్నలు నాలుగు. గేట్‌వే మీద ఏ పోర్ట్ ఆగింది? ఎప్పుడు ఆగింది? దాని అవతలి కొసన ఏముంది? మనమే మూశామా, దానంతటదే పడిపోయిందా? పది స్విచ్‌లున్న కాలేజీలో లాగిన్ అయి చూసి వీటికి జవాబు చెప్పొచ్చు. వేల రౌటర్లు, లక్షల ఇళ్లలోని ఫైబర్ పెట్టెలు, కంటికే కనిపించని క్లౌడ్ గేట్‌వేలు ఉన్నచోట మనిషి చూసి చెప్పడం జరిగే పని కాదు. అక్కడ ఆటోమేషన్ టూల్ ఏది తెచ్చి ముందు పెడితే అదే నిజమని నమ్మి నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తుంది.

ఈ వ్యాసంలో గేట్‌వే అంటే ఒక నెట్‌వర్క్‌ను ఇంకో నెట్‌వర్క్‌తో కలిపే పరికరం. అది డేటా సెంటర్‌లోని పెద్ద రౌటర్ కావచ్చు, ఇంట్లో గోడకు తగిలించిన చిన్న పెట్టె కావచ్చు, క్లౌడ్‌లో సాఫ్ట్‌వేర్‌గా మాత్రమే ఉన్నది కావచ్చు. పోర్ట్ అంటే దాని ఇంటర్‌ఫేస్. టీసీపీ, యూడీపీ పోర్ట్ నంబర్ల సంగతి వచ్చిన చోట విడిగా చెబుతాను.

పోర్ట్ సమాచారాన్ని దూరం నుంచి రాబట్టే పద్ధతులు 1980ల చివరి నుంచి ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉన్నాయి. వాటిని వేగంతోనో సౌకర్యంతోనో పోల్చిన రచనలు చాలానే ఉన్నాయి. ఇక్కడ అన్నిటినీ ఒకే ప్రశ్న అడుగుతాను. జవాబు రానప్పుడు, లేదా సగమే వచ్చినప్పుడు, ఆ సంగతిని ఈ పద్ధతి మనకు చెబుతుందా? నెట్‌వర్క్ నిర్వహణలో పెద్ద పొరపాట్లు తప్పుడు జవాబుల కన్నా రాని జవాబులను తప్పుగా అర్థం చేసుకోవడం వల్లే ఎక్కువగా పుడతాయని నా అభిప్రాయం. హాజరు పట్టీలో పిల్లవాడు బడికి రాకపోవడం వేరు, టీచరు ఆ పేరే పిలవకపోవడం వేరు. రెంటికీ ఒకే గుర్తు పెట్టే పట్టీ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

గేట్‌వేల కోసమే పుట్టిన ప్రోటోకాల్

ఈ కథ నిజంగానే గేట్‌వేలతో మొదలైంది. ఇప్పుడు రౌటర్ అంటున్న పరికరాన్ని ఆ రోజుల్లో గేట్‌వే అనేవారు. 1987 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1028 వర్ణించిన ప్రోటోకాల్ పేరే సింపుల్ గేట్‌వే మానిటరింగ్ ప్రోటోకాల్. దాన్ని రాసిన జేమ్స్ డేవిన్, జెఫ్రీ కేస్, మార్క్ ఫెడార్, మార్టిన్ షాఫ్‌స్టాల్ నలుగురే మరుసటి ఏడాది ఆగస్టులో సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్ (ఎస్‌ఎన్‌ఎంపీ) తొలి రూపాన్ని ఆర్‌ఎఫ్‌సీ 1067గా తెచ్చారు. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1157తో అది స్థిరపడింది. 1991 మార్చిలో వచ్చిన ఎంఐబీ-2 ప్రతి పోర్ట్ గురించి ఏమేం అడగొచ్చో పట్టికగా నిర్ణయించింది. ఆ పట్టికలో పోర్ట్‌కు 22 గడులు. పోర్ట్ వరుస సంఖ్య, వివరణ, రకం, వేగం, మ్యాక్ చిరునామా, నిర్వాహకుడు పెట్టిన స్థితి, నిజంగా ఉన్న స్థితి, వచ్చిన బైట్లు, పోయిన బైట్లు, దోషాలు, వదిలేసిన ప్యాకెట్లు వాటిలో ముఖ్యమైనవి. నేటి టూల్స్ తెచ్చే వివరాల్లో సగానికి పైగా ఈ పట్టికకు వారసులే.

1994లో ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ టోబియాస్ ఓటికర్ మొదలుపెట్టిన ఎంఆర్‌టీజీ ఈ పట్టికను ప్రతి 5 నిమిషాలకూ చదివి గ్రాఫ్‌గా గీసింది. ఆయన చూసుకోవాల్సిన బయటి లైను వేగం అప్పట్లో సెకనుకు 64 కిలోబిట్లు. ఆ తరువాత వచ్చిన క్యాక్టీ, జాబిక్స్, లిబ్రెఎన్‌ఎంఎస్ వంటివి మూలంలో అదే దారిలో నడిచాయి. 5 నిమిషాల పోలింగ్ ఇప్పటికీ చాలాచోట్ల డిఫాల్ట్.

ఎస్‌ఎన్‌ఎంపీ బలం దాని సరళత, సార్వత్రికత. దాదాపు ప్రతి కంపెనీ మేనేజ్డ్ స్విచ్, పాతదైనా సరే, దీనికి పలుకుతుంది. మన ప్రశ్న దగ్గరికి వస్తే మాత్రం దీని బలహీనత పెద్దది. మొదటి, రెండో వెర్షన్లలో కమ్యూనిటీ స్ట్రింగ్ అనే పాస్‌వర్డ్ తప్పయితే పరికరం తప్పని చెప్పదు, ఊరుకుంటుంది. ప్యాకెట్ దారిలో పోయినా, ఫైర్‌వాల్ అడ్డుకున్నా, పరికరం కాలిపోయినా టూల్‌కు కనిపించేది ఒక్కటే, టైమౌట్. నాలుగు వేర్వేరు జబ్బులకు ఒకే లక్షణం. 2002 డిసెంబరులో ప్రమాణంగా వచ్చిన మూడో వెర్షన్ ఈ విషయంలో మెరుగు. పాస్‌వర్డ్ సరిపోలకపోయినా, గడియారం తేడా వచ్చినా రిపోర్ట్ సందేశంతో కారణం చెబుతుంది. ఎన్‌క్రిప్షన్ కూడా ఉంది. భద్రత కోసం మూడో వెర్షన్‌కు మారమని అందరూ చెబుతారు. వైఫల్యాలను విడదీసి చెప్పగలగడం కూడా అంతే బలమైన కారణం.

ఏడు స్థితులు, రెండు రంగులు

పోర్ట్ ఆపరేషనల్ స్థితికి ప్రస్తుత ప్రమాణం, 2000 జూన్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 2863, ఏడు విలువలు ఇచ్చింది. అప్, డౌన్ రెండు మాత్రమే అందరికీ తెలుసు. పరీక్షలో ఉంది, తెలియదు, బయటి నుంచి పిలుపు కోసం నిద్రాణంగా ఉంది, ఆ భాగమే పరికరంలో లేదు, కింది పొర పడిపోయింది అన్నవి మిగిలిన ఐదు. ఇవి ఊరికే చేసిన వర్గీకరణలు కావు. లైన్ కార్డు ఊడదీసిన స్లాట్‌లోని పోర్ట్‌కు, ఫైబర్ తెగిన పోర్ట్‌కు చేయాల్సిన మరమ్మతు వేరు. నాలుగు లింకులను కట్టగట్టిన పోర్ట్ పడిపోతే వెళ్లి చూడాల్సింది దాన్ని కాదు, కింద ఉన్న లింకులను.

చాలా డ్యాష్‌బోర్డులు ఈ ఏడింటినీ పచ్చ, ఎరుపు రెండు రంగుల్లోకి కుదిస్తాయి. ‘తెలియదు’ అన్నది కూడా ఎరుపులోనో, అంతకన్నా ప్రమాదంగా పచ్చలోనో కలిసిపోతుంది. పరికరం నిజాయితీగా ఇచ్చిన జవాబును టూల్ చెరిపేస్తోందన్నమాట. నిర్వాహకుడే మూసిన పోర్ట్‌కు, పడిపోయిన పోర్ట్‌కు తేడా కూడా ఇలాగే పోతుంది. అడ్మిన్ స్థితిని, ఆపరేషనల్ స్థితిని పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది. ఒక్కటే చూపే రిపోర్ట్ మన నాలుగో ప్రశ్నకు జవాబివ్వలేదు.

లెక్కలు ఎక్కడ తప్పుతాయి

బైట్ల లెక్కింపులో ఇంకో రకం మౌనం ఉంది. పాత కౌంటర్లు 32 బిట్లవి. సుమారు 429 కోట్ల బైట్ల తరువాత మళ్లీ సున్నాకు వస్తాయి. సెకనుకు 10 మెగాబిట్ల లింకు నిండుగా నడిస్తే అలా తిరగడానికి 57 నిమిషాలు పడుతుంది. 1 గిగాబిట్ లింకులో 34 సెకన్లు చాలు. 5 నిమిషాలకోసారి చదివే టూల్‌కు తెలియకుండానే ఆ వ్యవధిలో కౌంటర్ ఎనిమిదిసార్లు చుట్టు తిరుగుతుంది. కౌంటర్ ఒకసారి తిరిగిందని టూల్ పసిగట్టగలదు, ఎన్నిసార్లు తిరిగిందో కనిపెట్టలేదు. గ్రాఫ్ గీస్తుంది, ఆ గీత అబద్ధం. 64 బిట్ల కౌంటర్లను ప్రమాణంలో చేర్చింది అందుకే. గిగాబిట్ గేట్‌వేల మీద ఇప్పటికీ పాత కౌంటర్ చదివే స్క్రిప్ట్ ఉంటే దాన్ని వెంటనే మార్చాలి. వేగం చెప్పే పాత గడికీ ఇదే కష్టం. సెకనుకు సుమారు 4.29 గిగాబిట్లకు మించి అందులో పట్టదు. 10 గిగాబిట్ పోర్ట్ వేగం కావాలంటే మెగాబిట్లలో చెప్పే కొత్త గడిని అడగాలి.

గుర్తింపు సమస్య ఇంకా లోతైనది. ఎస్‌ఎన్‌ఎంపీ పోర్టులను వరుస సంఖ్యతో గుర్తిస్తుంది. పరికరం రీబూట్ అయినా, కొత్త కార్డు పెట్టినా ఆ సంఖ్య మారవచ్చు. నిన్నటి 14వ పోర్ట్ ఇవాళ 17వది అయితే, సంఖ్యను నమ్ముకున్న టూల్ ఒక ఖాతాదారు ట్రాఫిక్‌ను ఇంకొకరి గ్రాఫ్‌లో గీస్తుంది. పోర్ట్ పేరు, నిర్వాహకుడు రాసిన అలియాస్ కాస్త స్థిరమైనవి. సంఖ్యను దారిగా వాడుకోవచ్చు, గుర్తింపుగా మాత్రం పేరునే నిలుపుకోవాలి.

చివరిసారి స్థితి ఎప్పుడు మారిందో చెప్పే గడి ఉంది. అది గోడ గడియారం సమయం చెప్పదు. పరికరం మేల్కొన్నప్పటి నుంచి సెకనులో వందో వంతుల్లో లెక్క చెబుతుంది. ఆ లెక్క సుమారు 497 రోజులకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఆగకుండా నడిచే గేట్‌వేల దగ్గర దీన్ని తేదీగా మార్చే టూల్ ఈ సంగతి గమనించకపోతే తప్పుడు తేదీని పూర్తి ధీమాతో చూపిస్తుంది.

తెర చదివే స్క్రిప్టులు

ఎస్‌ఎన్‌ఎంపీలో దొరకని వివరాల కోసం ఇంజనీర్లు ఎంచుకున్న రెండో దారి మనిషిలాగే లాగిన్ అయి, కమాండ్ కొట్టి, తెర మీద వచ్చినదాన్ని చదివే ప్రోగ్రామ్. డాన్ లైబ్స్ 1990లో రూపొందించిన ఎక్స్‌పెక్ట్ దీనికి ఆద్యం. కాన్ఫిగరేషన్లను రోజూ తెచ్చి తేడాలు చూపే ర్యాన్సిడ్ ఆ దారిలోనే వచ్చింది. పైథాన్ కాలంలో కర్క్ బయర్స్ రాసిన నెట్‌మికో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ బాధల్ని చాలావరకు తగ్గించింది. గూగుల్‌లో పుట్టిన టెక్స్ట్‌ఎఫ్‌ఎస్‌ఎం తెర మీది పాఠాన్ని పట్టికగా మార్చింది.

ఈ పద్ధతి ఇంకా బతికి ఉండటానికి కారణం ఉంది. తెర మీద కనిపించే ప్రతిదీ దీనికి దొరుకుతుంది. కష్టమల్లా ఆ తెరను మనుషుల కోసం తయారుచేయడమే. తెర నిండగానే ‘మోర్’ అని ఆగి మీట నొక్కమంటుంది. పేజీ విభజనను ముందే ఆపకపోతే స్క్రిప్ట్ అక్కడే కూరుకుపోతుంది. ఒకే పోర్ట్‌ను ఒక కమాండ్ ‘గిగాబిట్ ఈథర్‌నెట్ 0/1’ అంటే ఇంకొకటి ‘జీఐ 0/1’ అంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో ఒక మాట మారితే నమూనా సరిపోలదు. సరిపోలని గడిని ఖాళీగా వదిలేసే స్క్రిప్ట్ ఆ రోజు నుంచి ‘దోషాలు సున్నా’ అని చూపించవచ్చు. ఎవరూ ఫిర్యాదు చేయరు. దోషాలు లేకపోవడం మంచి వార్తే కదా!

టెక్స్ట్‌ఎఫ్‌ఎస్‌ఎం టెంప్లేట్లలో దీనికి సరైన మందు ఉంది. గుర్తించలేని ఏ వరుస వచ్చినా ఎర్రర్ ఇచ్చి ఆగిపొమ్మని టెంప్లేట్ చివర ఒక నియమం రాసుకోవచ్చు. ఎర్రర్ వస్తే చిరాకే. అయినా తనకు అర్థం కాలేదని ఒప్పుకునే స్క్రిప్ట్, అర్థమైనట్టు నటించే స్క్రిప్ట్ కన్నా వెయ్యి రెట్లు నయం. వీలున్న పరికరాల్లో తెర చదవడం మానేసి, అదే కమాండ్‌కు జేసన్‌లోనో ఎక్స్‌ఎంఎల్‌లోనో జవాబు అడగడం ఇంకా మేలు. అరిస్టా, జునిపర్, సిస్కో నెక్సస్ పరికరాలు ఈ సౌకర్యం ఇస్తున్నాయి.

కంపెనీల తేడాలను దాచే పొరగా నేపామ్ వచ్చింది. అది గుర్తించే ఏ కంపెనీ పరికరమైనా పోర్ట్ గురించి ఒకే ఆకారంలో జవాబిస్తుంది. తెరిచి ఉందా, పనిచేస్తోందా అన్న రెండు ప్రశ్నలను అది విడివిడిగా ఉంచింది. వేగం, చివరిసారి ఫ్లాప్ అయిన సమయం వంటివి తెలియకపోతే –1 ఇచ్చే ఆనవాయితీ పెట్టుకుంది. ఆ –1ని పై పొరలో ఎవరైనా కూడికలో కలిపేస్తే మళ్లీ మొదటికే. తెలియదన్న సంకేతాన్ని కింది పొర కాపాడితే చాలదు, చివరి రిపోర్ట్ దాకా చేర్చాలి.

యాన్సిబుల్ తరం

2012లో మైకేల్ డిహాన్ మొదలుపెట్టిన యాన్సిబుల్, 2015లో రెడ్ హ్యాట్ చేతికి వచ్చాక నెట్‌వర్క్ బృందాల్లోకి బాగా చొచ్చుకుపోయింది. పరికరంలో ఏజెంట్ పెట్టనక్కర్లేదు. ప్లేబుక్‌లో నాలుగు వరుసలు రాస్తే వందల గేట్‌వేల పోర్ట్ వివరాలు వస్తాయి. వివరాలు తేవడానికే ఉన్న మాడ్యూళ్లు దేన్నీ మార్చవు. 2019 నాటి 2.9 వెర్షన్ నుంచి వీటిలో చాలావాటి పేర్లను ‘ఇన్ఫో’తో ముగించే పద్ధతి స్థిరపడింది. పరికరానికి చెందిన సంగతులను ‘ఫ్యాక్ట్స్’ అని, మిగిలిన సమాచారాన్ని ‘ఇన్ఫో’ అని విడదీశారు. పేరు చూడగానే ఇది చదివేది మాత్రమేనని తెలియడం చిన్న సౌకర్యం కాదు. పని వేళల్లో కోర్ గేట్‌వే మీద ధైర్యంగా నడపొచ్చా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

మన గీటురాయి మీద యాన్సిబుల్‌కు మంచి మార్కులే పడతాయి. పరుగు చివర వచ్చే సారాంశం చేరలేని పరికరాలను, చేరినా విఫలమైనవాటిని, దాటవేసినవాటిని వేర్వేరుగా లెక్కిస్తుంది. తప్పు జరిగేది ఆ తరువాత. ప్లేబుక్ తెచ్చిన వివరాలను స్ప్రెడ్‌షీట్‌లో పోసేటప్పుడు విజయవంతమైన పరికరాలే అందులోకి వస్తాయి. 300 గేట్‌వేలు అడిగి 288 వరుసలున్న పట్టిక చేతిలో పెడితే, లేని 12 గురించి ఆ పట్టిక ఒక్క మాటా చెప్పదు. సమస్య ఉన్న గేట్‌వే ఆ పన్నెండులోనే ఉండే అవకాశం ఎక్కువ. జవాబివ్వని ప్రతి పరికరానికీ కారణంతో సహా ఒక వరుస ఉండాలన్న నియమం ప్రతి ప్లేబుక్‌లోనూ పెట్టుకోవాలి.

ఉద్దేశం ఒకటి, ఉన్నది ఒకటి

2002 జూన్‌లో అమెరికాలోని రెస్టన్‌లో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు ఒక సమావేశం పెట్టి నెట్‌వర్క్ ఆపరేటర్లను, ప్రోటోకాల్ రూపకర్తలను ఒకచోట కూర్చోబెట్టింది. మరుసటి ఏడాది ఆర్‌ఎఫ్‌సీ 3535గా వచ్చిన దాని నివేదిక ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ చదవదగ్గది. కాన్ఫిగరేషన్‌ను, పరికరం నడుస్తున్న స్థితిని, గణాంకాలను స్పష్టంగా విడదీయాలని ఆపరేటర్లు అక్కడ కోరారు. ఆ కోరికల నుంచే 2006లో నెట్‌కాన్ఫ్, 2010లో యాంగ్ నమూనా భాష, 2017లో రెస్ట్‌కాన్ఫ్ వచ్చాయి. పోర్టుల కోసం ప్రత్యేకంగా రాసిన యాంగ్ నమూనా 2014లో వచ్చి, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8343గా మారింది. అదే ఏడాది డేటాస్టోర్ నిర్మాణాన్ని కూడా సవరించి, ఉద్దేశించిన స్థితికీ నడుస్తున్న స్థితికీ వేర్వేరు చోట్లు కేటాయించారు. ఈ పోర్ట్ ఎలా ఉండాలి, ఎలా ఉంది అన్న పోలిక ఇప్పుడు ప్రమాణంలోనే భాగమైంది.

ఇంత శ్రద్ధగా కట్టిన వ్యవస్థలోనూ ఒక మౌనం మిగిలిపోయింది. నెట్‌కాన్ఫ్ ప్రవేశ నియంత్రణ ప్రమాణం ప్రకారం, ఖాతాకు చదివే అనుమతి లేని భాగాలను పరికరం జవాబులోంచి చప్పుడు లేకుండా తీసేస్తుంది. అనుమతి లేదని చెబితే అక్కడ ఏదో ఉందని బయటపడుతుంది కాబట్టి భద్రత రీత్యా అది సబబే. టూల్‌కు మాత్రం ఆ పోర్టులు అసలు లేనట్టే కనిపిస్తుంది. కొత్త రీడ్-ఓన్లీ ఖాతాతో మొదటిసారి తెచ్చిన జాబితాను పూర్తి అధికారమున్న ఖాతా జాబితాతో ఒక్కసారైనా సరిచూడాలి.

అడగకుండానే వచ్చే వార్త

5 నిమిషాలకోసారి అడిగే టూల్‌కు రెండు ప్రశ్నల మధ్య 10 సెకన్లు పడిపోయి లేచిన పోర్ట్ కనిపించదు. వీడియో కాల్ మాట్లాడుతున్నవాళ్లకు ఆ 10 సెకన్లు బాగానే కనిపిస్తాయి. పరికరం తనంతట తానే పంపే ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ సందేశాలు ఈ లోటు పూడుస్తాయి. అయితే అవి యూడీపీ మీద ప్రయాణిస్తాయి కనుక దారిలో పోయినా పంపినవారికి తెలియదు.

2014లో గూగుల్ వంటి పెద్ద ఆపరేటర్లు కలిసి మొదలుపెట్టిన ఓపెన్‌కాన్ఫిగ్ కృషిలోంచి వచ్చిన జీఎన్‌ఎంఐ ఈ పనిని సరిగ్గా చేస్తోంది. టూల్ ఒకసారి చందా కట్టినట్టు నమోదు చేసుకుంటే, గేట్‌వే నిర్ణీత వ్యవధిలోనో, మార్పు వచ్చిన క్షణంలోనో తనే వార్త పంపుతుంది. మార్పు వస్తేనే చెప్పే పద్ధతిలో కొత్త చిక్కు ఉంది. గంటసేపు ఏ వార్తా రాకపోతే ఏ మార్పూ లేదనుకోవాలా, కనెక్షనే తెగిందనుకోవాలా? రూపకర్తలు దీన్ని ముందే ఆలోచించారు. మార్పు లేకపోయినా ఇంతసేపటికోసారి విలువను మళ్లీ పంపమని కోరే హార్ట్‌బీట్ వ్యవధి ఉంది. మొదట ఉన్న స్థితినంతా పంపడం పూర్తయిందని చెప్పే సింక్ సందేశం కూడా ఉంది. సగం జాబితాను పూర్తి జాబితాగా పొరబడకుండా కాపాడేది అదే. నేను చూసిన పద్ధతుల్లో మౌనానికి ఇంత స్పష్టమైన అర్థం ఇచ్చినది ఇంకొకటి లేదు. పాత పరికరాల్లో ఇది ఉండదు, అదే దీని ప్రధాన పరిమితి.

పోర్ట్ అవతలి కొసన ఏముందో తెలుసుకోవడానికి 2005లో ప్రమాణమైన ఎల్‌ఎల్‌డీపీ ఉత్తమ సాధనం. ప్రతి పరికరం సాధారణంగా 30 సెకన్లకోసారి తన పేరు, పోర్ట్ పేరు పొరుగువారికి చెబుతుంది. 120 సెకన్లు వినిపించకపోతే పొరుగు పరికరం ఆ పేరు తుడిచేస్తుంది. ఇక్కడ మౌనానికి గడువు ఉంది.

క్లౌడ్‌లోని గేట్‌వే

క్లౌడ్‌లో పోర్ట్ అంటే డేటాబేసులో ఒక వరుస. తీగ లేదు, దీపం లేదు. ఏపీఐని అడిగితే జవాబు వస్తుంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ ప్రారంభించినప్పటి నుంచి మన గడ్డ మీదే ఇలాంటి గేట్‌వేలు నడుస్తున్నాయి. అడగడం తేలికైనా ఇక్కడి మౌనాలు వేరు రకం. ఏపీఐ పెద్ద జాబితాను పేజీలుగా ఇస్తుంది. మొదటి పేజీ చదివి ఆగిపోయే స్క్రిప్ట్ ఏ ఎర్రరూ లేకుండా అసంపూర్ణ జాబితా తెస్తుంది.

ఓపెన్‌స్టాక్‌లో ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ ఉంది. అక్కడ రౌటర్‌ను బయటి నెట్‌వర్క్‌కు కలిపే గేట్‌వే పోర్ట్‌ను దాని నెట్‌వర్క్ విభాగమైన న్యూట్రాన్ ఏ ప్రాజెక్టు పేరిటా నమోదు చేయదు. సాధారణ ప్రాజెక్టు ఖాతాతో పోర్టుల జాబితా అడిగితే లోపలి పోర్టులన్నీ వస్తాయి, గేట్‌వే పోర్ట్ రాదు. దాని చిరునామాను రౌటర్ వివరాల్లో చూసుకోవాలి, లేదా అడ్మిన్ ఖాతాతో అడగాలి. ఈ సంగతి తెలియని టూల్ రౌటర్‌కు బయటి దారి లేదని నివేదిస్తుంది.

నంబర్ల పోర్టులు ముఖ్యమయ్యేది కూడా ఇక్కడే. అమెజాన్ న్యాట్ గేట్‌వే ఒక్కో ఐపీ చిరునామా మీద ఒకే గమ్యానికి ఏకకాలంలో 55,000 కనెక్షన్ల వరకు నడపగలదు. ఆ హద్దు దాటితే కొత్త కనెక్షన్లకు పోర్ట్ దొరకదు. ఇంటర్‌ఫేస్ అప్‌లోనే ఉంటుంది, సేవ మాత్రం ఆగుతుంది. పోర్ట్ కేటాయింపు విఫలమైనట్టు చెప్పే ప్రత్యేక కొలతను గమనిస్తేనే కారణం దొరుకుతుంది.

ఇంటి పెట్టె, ఎర్ర లైటు

గేట్‌వేలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది మన ఇళ్లలో. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ప్రారంభమైనప్పుడు కేబుల్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ డక్టులు వేశారు. ఈ రెండు రాష్ట్రాల్లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఏ ఇంటివారైనా ఆపరేటరుకు ఫోన్ చేసి చెప్పే మొదటి మాట ‘ఎర్ర లైటు వస్తోంది’ అనే. పెట్టెకు కాంతి అందడం లేదని దాని అర్థం.

ఇంటి పెట్టెను బయటి నుంచి నేరుగా పలకరించడం కష్టం. అందుకే 2004లో వచ్చిన టీఆర్-069 ప్రమాణంలో పెట్టే స్వయంగా నిర్వహణ సర్వర్‌కు నిర్ణీత వ్యవధిలో రిపోర్ట్ చేస్తుంది. జీపాన్ ఫైబర్‌లో మరో దారి కూడా ఉంది. ఆపరేటరు వైపున్న ఓఎల్‌టీ ప్రతి పెట్టెకూ అందే కాంతి బలాన్ని చదవగలదు. బీ-ప్లస్ తరగతి పెట్టెకు కనీసం –27 డీబీఎం అందాలి. రోజూ ఈ విలువ తెచ్చి దాచుకునే టూల్ ఉంటే, కాంతి నెమ్మదిగా తగ్గుతున్న ఇంటిని ఎర్ర లైటు వెలగకముందే గుర్తించవచ్చు.

జీపాన్‌లో నాకు ఎంతో నచ్చిన అంశం డయింగ్ గ్యాస్ప్. కరెంటు పోయిన క్షణంలో పెట్టె తనలో మిగిలిన కాస్త విద్యుత్తుతో ‘నాకు కరెంటు పోయింది’ అన్న చివరి సందేశం ఓఎల్‌టీకి పంపుతుంది. ఫైబర్ తెగితే ఆ సందేశం రాదు. గాలివానకు స్తంభాలు ఒరిగితే కరెంటూ ఫైబరూ ఒకేసారి పోయే మన ఊళ్లలో ఈ తేడా చాలా విలువైనది. ఏ వీధికి లైన్‌మన్ వెళ్లాలో, ఏ వీధిలో కరెంటు వచ్చేదాకా ఆగితే చాలో ఒక్క జాబితాతో తేలుతుంది. ఈ సందేశాన్ని మామూలు ‘డౌన్’తో కలిపేసే సాఫ్ట్‌వేర్ ఆ విలువను పారేస్తున్నట్టే.

చదివే దారే చొరబడే దారి

పోర్ట్ సమాచారం తెచ్చే ప్రతి ద్వారమూ దాడి చేసేవారికీ ద్వారమే. 2016 నవంబరులో టీఆర్-069 వాడే 7547 నంబరు పోర్ట్ మీద జరిగిన దాడి వల్ల జర్మనీలో డాయిచె టెలికామ్ ఖాతాదారుల్లో సుమారు 9 లక్షల మంది కనెక్షన్లు దెబ్బతిన్నాయి. బలహీనమైన ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ స్ట్రింగ్‌ల ద్వారా రష్యాకు చెందిన ఏపీటీ28 బృందం 2021లో సిస్కో రౌటర్లలోకి చొరబడిందని బ్రిటన్, అమెరికా సంస్థలు 2023 ఏప్రిల్‌లో సంయుక్తంగా హెచ్చరించాయి. ‘పబ్లిక్’ అన్న డిఫాల్ట్ మాట ఇప్పటికీ ఉన్న గేట్‌వే ఏదైనా ఉంటే ఈ వ్యాసం చదవడం ఆపి ముందు దాన్ని మార్చాలి.

సమాచార సేకరణకు చదివే అనుమతి మాత్రమే ఉన్న ప్రత్యేక ఖాతా వాడాలి. నిర్వహణ నెట్‌వర్క్ నుంచి తప్ప అది పనిచేయకూడదు. పాస్‌వర్డ్‌లు స్క్రిప్ట్‌లో కాకుండా వాల్ట్‌లో ఉండాలి. తెచ్చిన జాబితా కూడా రహస్యమే, ఎందుకంటే పోర్ట్ వివరణల్లో ఖాతాదారుల పేర్లు, సర్క్యూట్ నంబర్లు ఉంటాయి. తనది కాని గేట్‌వేను ఎన్‌మ్యాప్ వంటి స్కానర్‌తో తడమడం వేరే సంగతి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించడం, సమాచారం తీసుకోవడం మన ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తాయి. లాగ్‌లను 180 రోజులు ఉంచాలని, గడియారాలను నిర్దేశిత ఎన్‌టీపీ సర్వర్లతో సరిచేసుకోవాలని 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. పోర్ట్ ఎప్పుడు పడిందన్న ప్రశ్నకు సరైన గడియారం లేకుండా జవాబు లేదు కాబట్టి, ఆ ఆదేశం లేకపోయినా పాటించదగ్గ పద్ధతి అది.

ఏది ఎప్పుడు

రకరకాల పాత పరికరాలుంటే ఎస్‌ఎన్‌ఎంపీ మూడో వెర్షన్, 64 బిట్ల కౌంటర్లు మంచి పునాది. నెలకోసారి లెక్క తీసుకోవడానికీ, మార్పుకు ముందూ తరువాతా పోల్చుకోవడానికీ యాన్సిబుల్, నేపామ్ చాలు. కొత్త పరికరాల కోర్ నెట్‌వర్క్‌లో స్థితి కోసం జీఎన్‌ఎంఐ, కాన్ఫిగరేషన్ కోసం నెట్‌కాన్ఫ్ ఎంచుకోవాలి. తెర చదవడం ఇంకే దారీ లేనప్పుడే. ఏది వాడినా, పోర్ట్ ఎలా ఉండాలో రాసిపెట్టిన ఆధారం ఒకటి విడిగా ఉండాలి. డిజిటల్‌ఓషన్‌లో పుట్టి 2016లో ఓపెన్ సోర్స్ అయిన నెట్‌బాక్స్ ఆ పనికి విరివిగా వాడుకలో ఉంది. ఎలా ఉండాలో తెలియకపోతే ఎలా ఉందో తెలిసినా ఉపయోగం తక్కువే.

తీరని సమస్యలు ఇంకా ఉన్నాయి. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ నమూనాలు, ఓపెన్‌కాన్ఫిగ్ నమూనాలు, కంపెనీల సొంత నమూనాలు ఒకే పోర్ట్‌ను మూడు రకాలుగా వర్ణిస్తున్నాయి. ఖర్చు భరించలేని చిన్న ఆపరేటర్లకు ఆధునిక పద్ధతులు అందుబాటులో లేవు. పోర్ట్ వివరణ గడి ఇప్పటికీ మనిషి శ్రద్ధ మీదే ఆధారపడి ఉంది. తప్పుగా రాసిన వివరణను ఏ ప్రోటోకాలూ సరిదిద్దలేదు.

వీటి పరిష్కారం కోసం ఎదురుచూడకుండా ఈ వారమే చేయగల మార్పు ఒకటుంది. తెచ్చే ప్రతి పోర్ట్ వరుసకూ మూడు గడులు చేర్చాలి. ఈ విలువ ఏ క్షణంలో తెచ్చాం, ఏ పద్ధతిలో తెచ్చాం, తేలేకపోతే ఎందుకు తేలేకపోయాం. టైమౌట్, అనుమతి లేదు, అర్థం కాలేదు, ఆ గడి పరికరంలోనే లేదు అన్నవాటికి నాలుగు వేర్వేరు మాటలు వాడాలి. కొత్త టూల్ కొననక్కర్లేదు, పాత స్క్రిప్టుల్లోనే రాసుకోవచ్చు. నైట్ షిఫ్టులో ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సిన ఇంజనీరుకు వెయ్యి పచ్చ దీపాల కన్నా, ‘ఈ పన్నెండింటి సంగతి తెలియదు, కారణం ఇదీ’ అని చెప్పే టూల్ ఎక్కువ మేలు చేస్తుంది. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది.